ర్యాంకు లేని పరీక్ష

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీకి దరఖాస్తు పెట్టుకున్న కొద్దిరోజులకు ఒక ఈమెయిల్ వస్తుంది. ప్లేస్‌మెంట్ టెస్టు రాయండి, ఆ తర్వాతే క్లాసులకు రిజిస్టర్ చేసుకోవచ్చు అని దాని సారాంశం. అది చూడగానే మనవాళ్లలో రెండు రకాలు కనిపిస్తారు. "అమ్మో, ఈ వయసులో మళ్లీ పరీక్షా! పాస్ కాకపోతే పరువు పోతుంది" అని చదువునే వచ్చే ఏడాదికి వాయిదా వేసేవాళ్లు ఒక రకం. "పాసూ ఫెయిలూ లేవట, ఊరికే వెళ్లి రాసొస్తే సరి" అని పుస్తకం ముట్టకుండా వెళ్లి కూర్చునేవాళ్లు రెండో రకం. మొదటివాళ్లు భయంతో కాలం పోగొట్టుకుంటారు. రెండోవాళ్లు కాలంతో పాటు డబ్బూ పోగొట్టుకుంటారు.

ఇద్దరి పొరపాటుకూ మూలం ఒకటే. మనం పెరిగిన పరీక్షలన్నీ వడపోత పరీక్షలు. ఎంసెట్, జేఈఈ, గ్రూప్స్, ఏది తీసుకున్నా లక్షలమందిలో కొందరిని ఏరి మిగతావాళ్లను ఇంటికి పంపడమే వాటి పని. ప్లేస్‌మెంట్ టెస్టు ఎవరినీ ఇంటికి పంపదు. మీకు ఇప్పుడు ఏమొచ్చో, ఏది మరిచిపోయారో చూసి, దానికి తగిన క్లాసులో కూర్చోబెడుతుంది. పక్కవాడి మార్కులతో మీకు పని లేదు. అందుకే వడపోత పరీక్షలు నేర్పిన అలవాట్లు ఇక్కడ సాయం చేయవు, కొన్నయితే ఎదురు తిరుగుతాయి. ఈ అధ్యాయం అంతా ఆ అలవాట్లను మార్చుకోవడం గురించే.

పెళ్లయ్యాక హెచ్4 వీసా మీద వచ్చి మళ్లీ చదువుకోవాలనుకునేవారు, గ్రీన్‌కార్డు వచ్చాక నర్సింగో అకౌంటింగో మొదలుపెట్టాలనుకునేవారు, ఇంటర్ ఇండియాలో ముగించుకుని తల్లిదండ్రుల దగ్గరకు వచ్చిన పిల్లలు, హైస్కూల్లో ఉండగానే కాలేజీ క్రెడిట్లు తెచ్చుకోవాలనుకునే పిల్లలు: ఈ నలుగురినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ఈ పరీక్ష చేతిలో ఏముంది?

కమ్యూనిటీ కాలేజీలో సీటు కోసం పోటీ లేదు. దరఖాస్తు పెట్టుకున్న దాదాపు ప్రతివారినీ చేర్చుకుంటారు. తేలాల్సింది మీ మొదటి ఇంగ్లీషు క్లాసు ఏది, మొదటి లెక్కల క్లాసు ఏది అన్నదే. ఇంగ్లీషులో ఫస్ట్ ఇయర్ కంపోజిషన్, లెక్కల్లో కాలేజ్ ఆల్జీబ్రా లేదా స్టాటిస్టిక్స్ క్రెడిట్ ఉన్న క్లాసులు. వాటికి మీరు ఇంకా సిద్ధంగా లేరని స్కోరు చెబితే డెవలప్‌మెంటల్ క్లాసుల్లో వేస్తారు. వాటికీ ఫీజు ఉంటుంది, హోంవర్కు ఉంటుంది, పరీక్షలు ఉంటాయి. డిగ్రీకి కావలసిన క్రెడిట్ల లెక్కలోకి మాత్రం అవి రావు.

ఇంటర్‌లో బైపీసీ, ఆపైన బీఎస్సీ చదివిన ఒకావిడ నర్సింగ్‌కు వెళ్లాలనుకున్నారనుకుందాం. లెక్కలు ఆమె చివరిసారి చేసింది పదో తరగతిలో. భిన్నాలు, శాతాలు మరిచిపోవడం సహజం. ఏమీ చదవకుండా పరీక్షకు వెళ్లారు. నర్సింగ్ దరఖాస్తుకు కావలసిన లెక్కల క్లాసు కంటే ముందు రెండు డెవలప్‌మెంటల్ క్లాసులు పడ్డాయి. సెమిస్టర్‌కు ఒకటి చొప్పున అంటే ఒక విద్యా సంవత్సరం. ఆ ఏడాది ఫీజుతో పాటు ఉద్యోగం ఏడాది ఆలస్యంగా రావడాన్ని కూడా లెక్క వేసుకోవాలి. ఇదే ఆమె నెల రోజులు పదో తరగతి లెక్కలు తిరగేసి వెళ్లి ఉంటే, ఆ రెండు క్లాసుల్లో కనీసం ఒకటైనా తప్పే అవకాశం ఉండేది. తెలియనిది నెలలో నేర్చుకోవడం కష్టం. ఒకప్పుడు వచ్చి మరిచిపోయినదాన్ని గుర్తు తెచ్చుకోవడానికి నెల చాలు.

డబ్బు సంగతి ఇంకొకటి ఉంది. పౌరులకు, గ్రీన్‌కార్డుదారులకు అందే ఫెడరల్ ఆర్థిక సహాయం ఇలాంటి రెమెడియల్ క్లాసులకు 30 సెమిస్టర్ క్రెడిట్ల వరకే వర్తిస్తుంది. హెచ్4 మీద ఉన్నవారికి ఆ సహాయమే లేదు, ప్రతి క్రెడిట్టూ సొంత జేబులోంచే. ఇంత ఖర్చు ముడిపడిన పరీక్షను "ఊరికే" రాయకూడదు.

ముందుగా: మీరు అసలు రాయాలా?

పరీక్షకు తయారవడానికి ముందు చేయాల్సిన పని, పరీక్ష తప్పించుకునే దారి ఉందేమో కనుక్కోవడం. ఇందులో మోసం ఏమీ లేదు. గత పదిహేనేళ్లలో అమెరికా కాలేజీలే ఈ పరీక్షల మీద నమ్మకం తగ్గించుకున్నాయి. కొలంబియా విశ్వవిద్యాలయం టీచర్స్ కాలేజీలోని కమ్యూనిటీ కాలేజ్ రీసెర్చ్ సెంటర్ 2012లో వెలువరించిన అధ్యయనం, పరీక్ష రాసినవారిలో లెక్కల్లో దాదాపు నాలుగో వంతు, ఇంగ్లీషులో దాదాపు మూడో వంతు మంది తమకు ఏమాత్రం తగని క్లాసుల్లో పడుతున్నారని అంచనా వేసింది. పై క్లాసులో నెగ్గుకురాగలిగిన వాళ్లను సైతం కింది క్లాసులో కూర్చోబెడుతున్నారన్నది ఆ పరిశోధనల సారం. ఒక మధ్యాహ్నం రాసిన పరీక్ష కంటే నాలుగేళ్ల హైస్కూలు మార్కులే విద్యార్థి సత్తాను బాగా చెబుతాయని కూడా తేలింది.

ఆ తర్వాత మార్పులు వేగంగా వచ్చాయి. ఫ్లోరిడా 2013లో చట్టం చేసి చాలామంది విద్యార్థులకు ఈ పరీక్షను ఐచ్ఛికం చేసింది. ఏసీటీ సంస్థ తన కంపాస్ పరీక్షను 2016లో ఆపేసింది. కాలిఫోర్నియా 2017లో ఏబీ 705 అనే చట్టం తెచ్చింది. అక్కడి కమ్యూనిటీ కాలేజీల్లో ఇంగ్లీషు, లెక్కల క్లాసులను ఇప్పుడు హైస్కూలు మార్కుల ఆధారంగానే నిర్ణయిస్తారు. అమెరికా హైస్కూల్లో చదవనివారికి "గైడెడ్ సెల్ఫ్ ప్లేస్‌మెంట్" పేరుతో ఒక ప్రశ్నావళి ఇస్తారు, దాన్నిబట్టి తమ క్లాసు తామే ఎంచుకుంటారు. అంటే ఫ్రీమాంట్‌లో ఉన్న చెల్లెలికి ఉన్న నియమం డాలస్‌లో ఉన్న అక్కకు వర్తించదు. వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పింది విని నిర్ణయం తీసుకోకండి. మీ కాలేజీ ఏమంటుందో అదే లెక్క.

అడ్వైజర్‌ను కలిసినప్పుడు మూడు సంగతులు అడగండి. ఇండియా డిగ్రీని గుర్తింపు ఉన్న సంస్థతో మూల్యాంకనం చేయించి తెస్తే మినహాయింపు ఇస్తారా? ఎస్ఏటీ, ఏసీటీ లేదా టోఫెల్ స్కోర్లు పనికొస్తాయా? హైస్కూలు జీపీఏ చూస్తారా? ఉదాహరణకు టెక్సస్‌లో ఎస్ఏటీ లెక్కల్లో 530, ఇంగ్లీషులో 480 తెచ్చుకున్న విద్యార్థికి ఆయా విభాగాల్లో ప్లేస్‌మెంట్ పరీక్ష అవసరం ఉండదు. ఆ స్కోరు ఇంట్లో మూలన పడి ఉండగా పరీక్షకు కూర్చునే పిల్లలున్నారు.

మరో మెలిక ఇంగ్లీషు దగ్గర వస్తుంది. దరఖాస్తులో మాతృభాష తెలుగు అని రాయగానే కొన్నిచోట్ల మామూలు ఇంగ్లీషు పరీక్షకు బదులు ఈఎస్ఎల్ పరీక్షకు పంపుతారు. అది ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునేవారి కోసం పెట్టిన వేరే వరస. డిగ్రీ దాకా ఇంగ్లీషు మీడియంలో చదివిన మీకు అది అవసరం లేదనిపిస్తే, మామూలు పరీక్ష రాస్తానని మర్యాదగా అడగవచ్చు. తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషులో రాయడం ఇంకా ఇబ్బందిగా ఉన్నవారికి మాత్రం ఈఎస్ఎల్ మంచి దారే. అందులో నామోషీ ఏమీ లేదు.

మీ ముందుకు వచ్చే మూడు పరీక్షలు

పరీక్ష పేరు తెలుసుకోకుండా తయారీ మొదలుపెట్టకండి. ఎక్కువగా ఎదురయ్యేవి మూడు.

మొదటిది అక్యుప్లేసర్. కాలేజ్ బోర్డ్ తయారుచేసింది. అరిథ్‌మెటిక్, మధ్యస్థాయి ఆల్జీబ్రా–స్టాటిస్టిక్స్, అడ్వాన్స్‌డ్ ఆల్జీబ్రా అని లెక్కల్లో మూడు పరీక్షలు, ఒక్కోదానిలో 20 ప్రశ్నలు. రీడింగ్‌లో 20, రైటింగ్‌లో 25. స్కోరు 200 నుంచి 300 వరకు. సమయ పరిమితి లేదు. కొన్ని కాలేజీలు రైట్‌ప్లేసర్ అనే వ్యాసం కూడా రాయిస్తాయి. 300 నుంచి 600 పదాల వ్యాసం, 1 నుంచి 8 వరకు మార్కు.

రెండోది టెక్సస్‌లో ప్రభుత్వ కాలేజీలు వాడే టీఎస్ఐఏ2. ఫ్రిస్కో, ఇర్వింగ్, కేటీ వైపు మనవాళ్లకు తగిలేది ఇదే. 2021 జనవరి నుంచి అమల్లో ఉంది. స్కోరు 910 నుంచి 990 వరకు. లెక్కల్లో 950 వస్తే కాలేజీ స్థాయికి సిద్ధమైనట్టు. ఇంగ్లీషులో 945తో పాటు వ్యాసానికి 5 రావాలి. పరీక్షకు ముందు ప్రీ అసెస్‌మెంట్ యాక్టివిటీ అనే చిన్న ఆన్‌లైన్ పాఠం తప్పనిసరి. అది పూర్తిచేయకుండా సెంటర్‌కు వెళితే వెనక్కి పంపుతారు.

టీఎస్ఐఏ2లో ఒక చోట చాలామంది కంగారు పడతారు. లెక్కల్లో 20 ప్రశ్నలు అయిపోయాయి, ఇక లేవచ్చు అనుకునేసరికి తెర మీద మరో 48 ప్రశ్నలు మొదలవుతాయి. కంప్యూటర్ చెడిపోలేదు. మీ స్కోరు 950కి తగ్గింది కాబట్టి డయాగ్నొస్టిక్ పరీక్ష మొదలైంది. ఇక్కడే చాలామంది నీరసపడి, ఏదో ఒకటి నొక్కుకుంటూ పోతారు. నిజానికి ఇది రెండో అవకాశం. 950 రాకపోయినా, ఈ డయాగ్నొస్టిక్‌లో 6వ స్థాయి తెచ్చుకుంటే కాలేజీ స్థాయికి అర్హులే. ఇలా జరగవచ్చని ముందే తెలిసి ఉంటే ఓపిక మిగుల్చుకుంటారు.

మూడోది మెక్‌గ్రా హిల్ వారి అలెక్స్ పీపీఎల్. లెక్కలకు మాత్రమే. యూనివర్సిటీల్లో చేరే పిల్లలకు ఎక్కువగా ఇదే ఉంటుంది. గరిష్ఠంగా 30 ప్రశ్నలు, స్కోరు 0 నుంచి 100. ఆప్షన్లు సాధారణంగా ఉండవు, చాలా ప్రశ్నలకు జవాబు మీరే కట్టాలి. భిన్నం రాయాలంటే భిన్నం పెట్టెలో, గీత గీయాలంటే గ్రాఫు మీద. పరీక్ష అయ్యాక మీ బలహీన అంశాలను ఏరి ఒక అభ్యాస మాడ్యూల్ తెరుస్తుంది. అందులో కొన్ని గంటలు సాధన చేసి మళ్లీ రాయవచ్చు. ఎన్నిసార్లు, ఎంత విరామంతో అన్నది కాలేజీ నిబంధన.

ఏ స్కోరుకు ఏ క్లాసు అన్నది కూడా కాలేజీని బట్టి మారుతుంది. ఆ పట్టిక కాలేజీ టెస్టింగ్ సెంటర్ దగ్గర దొరుకుతుంది. దాన్ని తెచ్చి గోడకు అంటించుకోండి. మీ లక్ష్యం అందులో ఉన్న ఒక సంఖ్య.

వదిలించుకోవలసిన నాలుగు అలవాట్లు

పరుగు మొదటిది. ఎంసెట్ ఇంజనీరింగ్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు ఉండేవి. ప్రశ్నకు నిమిషం పైన ఏడెనిమిది సెకన్లు. ఆ పరుగుకు అలవాటైన చేతికి నిదానం రాదు. అక్యుప్లేసర్, టీఎస్ఐఏ2 రెండింటికీ గడియారం లేదు. సెంటర్ మూసే వేళను చూసుకుని ఉదయమే వెళ్లండి. ఇచ్చిన చిత్తు కాగితం మీద ప్రతి లెక్కనూ రెండోసారి సరిచూసుకోండి. అందరికంటే ముందు లేచి వెళ్లినందుకు ఇక్కడ ఏమీ ఇవ్వరు.

రెండోది, "తర్వాత చూద్దాం" అని వదిలేసే అలవాటు. ఈ పరీక్షలు మీ జవాబును బట్టి తర్వాతి ప్రశ్నను ఎంచుకుంటాయి. సరిగ్గా చెబితే కాస్త కష్టమైనది, తప్పు చెబితే తేలికైనది. అందుకే జవాబు ఇవ్వకుండా ముందుకు పోలేరు, ఇచ్చాక వెనక్కి రాలేరు. ప్రశ్నలు ఒక్కసారిగా కష్టమైతే బెంబేలు పడకండి. అది మీరు బాగా రాస్తున్నారనడానికి గుర్తు కావచ్చు.

మూడోది గుడ్డి బాణాలు. అక్యుప్లేసర్‌లో జవాబు పెట్టాల్సిందే కాబట్టి తెలియకపోతే రెండు ఆప్షన్లు కొట్టేసి ఒకటి ఎంచుకోవడం తప్పు కాదు. అలెక్స్‌లో మాత్రం "నాకు తెలియదు" అనే మీట ఉంటుంది. నిజంగా తెలియనప్పుడు దాన్ని నొక్కడమే మేలు. అప్పుడు మాడ్యూల్ మీకు సరైన పాఠం ఇస్తుంది.

నాలుగోది పక్కవారి సాయం. అలెక్స్ కొన్ని కాలేజీల్లో ఇంటి దగ్గరే రాయనిస్తారు. ఇంట్లో ఇంజనీరు భర్తో అన్నయ్యో ఉంటే, "నువ్వు లే, నేను కొట్టేస్తాను" అన్న మాట రావడం ఎంతసేపు! అలా తెచ్చుకున్న 80 మార్కుతో అమ్మాయి నేరుగా కాల్క్యులస్‌లో కూర్చుంటుంది. అక్కడ మూడో వారానికే ఫంక్షన్లు, లాగరిథమ్‌లు గుర్తులేక కొట్టుకుపోతుంది. క్లాసు మధ్యలో వదిలేస్తే ట్రాన్స్‌క్రిప్టు మీద 'డబ్ల్యూ', ఉంటే 'ఎఫ్'. పైగా అది నిజాయితీ నిబంధనల ఉల్లంఘన, పట్టుబడితే స్కోరు రద్దు. వడపోత పరీక్షలో ఎక్కువ మార్కు ఎప్పుడూ లాభమే. ఇక్కడ మీది కాని మార్కు మిమ్మల్నే ముంచుతుంది.

లెక్కలు: వచ్చినవే, వేషం మారింది

మనకు లెక్కలు రావని కాదు, అమెరికా పేర్లతో రావు. మనం బాడ్‌మాస్ అని నేర్చుకున్నది అక్కడ పెమ్‌డాస్. గ.సా.భా.ను మన ఇంగ్లీషు మీడియంలో హెచ్‌సీఎఫ్ అంటే అక్కడ జీసీఎఫ్ అంటారు. ఘాతాంకాలు, మన ఇండిసెస్, అక్కడ ఎక్స్‌పొనెంట్లు. కరణులు రాడికల్స్. సరళరేఖ సమీకరణం మనకు వై ఈజ్ ఈక్వల్ టు ఎంఎక్స్ ప్లస్ సి, అక్కడ సి బదులు బి. మన ట్రెపీజియం అక్కడ ట్రెపజాయిడ్. తెలుగు మీడియంలో చదివినవారు లవం న్యూమరేటర్, హారం డినామినేటర్, సూక్ష్మీకరించుట సింప్లిఫై, కారణాంక విభజన ఫ్యాక్టరింగ్ అంటూ ఒక చిన్న పట్టిక రాసుకుని వారం రోజులు ఎదురుగా పెట్టుకుంటే సగం బెరుకు పోతుంది.

కొలతలు రెండో చిక్కు. అడుగుకు 12 అంగుళాలు, గజానికి 3 అడుగులు, పౌనుకు 16 ఔన్సులు, గ్యాలన్‌కు 4 క్వార్టులు. నాణేల్లో నికెల్ 5 సెంట్లు, డైమ్ 10, క్వార్టర్ 25. సంభావ్యత లెక్కల్లో పేకముక్కలు, నాణేలు తరచూ వస్తాయి.

రాత లెక్కల్లో తప్పు ఎక్కడ దొర్లుతుందో ఒకటి చూద్దాం. కోటు ధర 80 డాలర్లు. 25 శాతం తగ్గింపు. తగ్గిన ధర మీద 10 శాతం కూపన్. చివర 8 శాతం సేల్స్ టాక్స్. ఎంత చెల్లించాలి? తొందరలో 25, 10 కలిపి 35 శాతం తీసేస్తారు. 52 డాలర్లు, టాక్స్‌తో 56.16 డాలర్లు. ఆ సంఖ్య ఆప్షన్లలో కచ్చితంగా ఉంటుంది, ప్రశ్న తయారుచేసినవారు ఆ తొందరను ముందే ఊహించారు. సరైన దారి ఇది: 80లో 25 శాతం పోతే 60. అరవైలో 10 శాతం పోతే 54. దానికి 8 శాతం అంటే 4.32 కలిపితే 58.32 డాలర్లు. ఇందులో పదో తరగతి దాటిన లెక్క ఏదీ లేదు. కావలసింది ప్రతి శాతం దేని మీద అని ఆగి అడుక్కునే అలవాటు.

కాలిక్యులేటర్ సంగతి ముందే తెలుసుకోండి. అక్యుప్లేసర్‌లో మీ సొంత కాలిక్యులేటర్ సాధారణంగా తీసుకెళ్లనివ్వరు. కొన్ని ప్రశ్నలకు మాత్రం తెర మీదే ఒకటి కనిపిస్తుంది. మిగతావి చేత్తోనే. కాబట్టి ఇంట్లో ఫోను పక్కన పెట్టి, ఎక్కాలు, భిన్నాల గుణకారం, భాగహారం చేత్తో సాధన చేయండి.

ఇంగ్లీషు: ఇచ్చిన పేరా దాటి పోవద్దు

రీడింగ్‌లో మన బలమే బలహీనత అవుతుంది. పేరా గ్లోబల్ వార్మింగ్ గురించి ఉంటే, మనకు తెలిసిన విషయాలన్నీ కలిపి జవాబు ఎంచుకుంటాం. ప్రశ్న అడిగేది పేరాలో రచయిత ఏమన్నారని మాత్రమే. లోకంలో నిజమైనా పేరాలో లేని ఆప్షన్ తప్పే. ప్రతి జవాబుకూ పేరాలో ఏ వాక్యం ఆధారమో వేలు పెట్టి చూపగలిగితేనే దాన్ని ఎంచుకోండి.

రైటింగ్ ప్రశ్నల్లో వాక్యం ఎక్కడ ముగియాలన్నది ముఖ్యం. రెండు పూర్తి వాక్యాలను కామాతో అతికించడం మనకు సహజం, అక్కడ అది తప్పు. ఇంగ్లీషు ఆర్టికల్స్, 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్' లాంటి కాలాల తడబాటు, ఏకవచన బహువచనాల పొత్తు: ఈ మూడింటినీ సరిచేసుకుంటే చాలా మార్కులు మిగులుతాయి.

వ్యాసానికి మార్కులిచ్చేది ఎక్కువగా కంప్యూటరే. ఒకే విషయానికి కట్టుబడ్డారా, పేరాలు వరసగా ఉన్నాయా, చెప్పినదానికి ఉదాహరణ ఉందా, వాక్యాల్లో వైవిధ్యం ఉందా, భాషాదోషాలు ఎన్ని, ఆలోచన ఎంత లోతు అని ఆరు కోణాల్లో చూస్తుంది. "ఇంటిపనులు చేసినందుకు పిల్లలకు డబ్బులివ్వాలా?" అన్న అంశం ఇచ్చారనుకుందాం. బడిలో మనకు నేర్పిన ఆరంభం ఇలా ఉంటుంది: "ఈ ఆధునిక యుగంలో డబ్బు చాలా ముఖ్యమైనది. దీనివల్ల లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి." రెండు వాక్యాలు అయ్యాయి, మీరేమంటున్నారో తెలియలేదు. దాని బదులు ఇలా మొదలుపెట్టండి: "ఇంటిపనికి పిల్లలకు డబ్బులివ్వకూడదు. ఇస్తే ఇల్లు అందరిదన్న భావన పోతుంది, డబ్బు రాని పని నేనెందుకు చేయాలన్న బేరం మొదలవుతుంది." తర్వాతి రెండు పేరాలు ఏం చెప్పాలో ఈ రెండు కారణాలే నిర్ణయిస్తాయి. ఒక్కో కారణానికి మీ ఇంట్లోనో మీ వీధిలోనో చూసిన ఒక్క ఉదాహరణ రాయండి. ఎదుటివారి వాదన ఒకటి ఒప్పుకుని, దానికి జవాబిచ్చి ముగించండి. మహానుభావుల సూక్తులు, శ్లోకాలు అక్కర్లేదు. ఏ పక్షం తీసుకున్నారన్నదానికి మార్కు లేదు, తీసుకున్న పక్షాన్ని నిలబెట్టారా అన్నదానికే ఉంది.

వ్యాసం టైప్ చేయాలి. స్పెల్లింగులు సరిదిద్దే సాయం తెర మీద ఉంటుందనుకోకండి. ఫోనులో బొటనవేళ్లతో రాయడమే అలవాటైనవారు కీబోర్డు మీద రోజూ ఒక పేరా కొట్టి చూసుకోండి.

నాలుగు వారాల పద్ధతి

పిల్లలను బడికి పంపి, వంట చూసుకుని, ఉద్యోగం కూడా ఉన్నవారికి రోజుకు గంట దొరకడమే గొప్ప. ఆ గంటను ఇలా పంచండి: 40 నిమిషాలు లెక్కలు, 20 నిమిషాలు ఇంగ్లీషు.

మొదటి రోజు ఏమీ చదవకుండా ఒక నమూనా పరీక్ష రాయండి. అక్యుప్లేసర్‌కు కాలేజ్ బోర్డ్ ఉచిత సాధన ప్రశ్నలు ఇస్తుంది. ఏ అంశంలో తప్పులు పోగుపడ్డాయో గుర్తించండి. వచ్చినదాన్ని మళ్లీ మళ్లీ చేయడం హాయిగా ఉంటుంది కానీ స్కోరు పెరగదు.

మొదటి వారం భిన్నాలు, దశాంశాలు, శాతాలు, నిష్పత్తులు. రెండో వారం ఏకఘాత సమీకరణాలు, అసమీకరణాలు, ఘాతాంకాలు, కారణాంక విభజన, వర్గ సమీకరణాలు. మూడో వారం గ్రాఫులు, వైశాల్యాలు, సగటు, మధ్యగతం, సంభావ్యత. పాఠం అవసరమైనచోట ఖాన్ అకాడమీ ఉచితంగా ఉంది. డబ్బు కట్టి కోచింగ్‌కు వెళ్లాల్సిన పరీక్ష కాదిది. నాలుగో వారం రెండు పూర్తి నమూనా పరీక్షలు, మిగతా రోజులన్నీ వాటిలో చేసిన తప్పుల మీద.

ఇంగ్లీషు 20 నిమిషాల్లో ఒకరోజు ఒక పత్రికా వ్యాసం చదివి, దాని ముఖ్యాంశాన్ని ఒక్క వాక్యంలో రాయండి. మర్నాడు వ్యాకరణం. వారాంతంలో ఒక పూర్తి వ్యాసం. ఇంట్లో హైస్కూలు పిల్లలుంటే వాళ్లచేతే దిద్దించండి. అమ్మ తప్పులు దిద్దడం వాళ్లకు భలే సరదా, మీకు ఖర్చు లేని ట్యూషన్.

పరీక్ష రోజున పాస్‌పోర్టో డ్రైవింగ్ లైసెన్సో తీసుకెళ్లండి. లెక్కలు ఒకరోజు, ఇంగ్లీషు ఇంకోరోజు రాయనిస్తారేమో ముందే అడగండి. అలసటకు మార్కులు పోగొట్టుకోవడం అన్నింటికంటే చవకబారు నష్టం.

స్కోరు వచ్చాక

సాధారణంగా స్కోరు వెంటనే చేతికి వస్తుంది. ఆశించినంత రాకపోతే అక్కడికక్కడే ఆ క్లాసుకు రిజిస్టర్ చేసుకుని రాకండి. మళ్లీ రాయడానికి ఎన్నాళ్లు ఆగాలి, ఫీజెంత అని అడగండి. కటాఫ్‌కు ఒకటి రెండు మార్కుల దూరంలో ఉంటే రెండు వారాలు చదివి తిరిగి రాయడం లాభం. కోరిక్విజిట్ ఉందా అనీ అడగండి. కింది క్లాసు సెమిస్టరంతా చదివించకుండా, క్రెడిట్ ఉన్న క్లాసులోనే కూర్చోబెట్టి, అదే సెమిస్టర్లో పక్కన ఒక సహాయక క్లాసు ఇచ్చే ఏర్పాటు అది. టెక్సస్ 2017 చట్టంతో దీన్ని విస్తృతంగా తెచ్చింది.

ఇంకొక ప్రశ్న చాలామంది అడగడం మరిచిపోతారు: నా డిగ్రీకి అసలు ఏ లెక్కలు కావాలి? కొన్ని కోర్సులకు కాలేజ్ ఆల్జీబ్రా కాకుండా స్టాటిస్టిక్స్ చాలు. దానికి వేరే దారి, ఒక్కోసారి తక్కువ కటాఫ్. అక్కర్లేని ఆల్జీబ్రా కోసం ఏడాది చెమటోడ్చడం ఎందుకు?

బాగా చదివి, నిదానంగా రాసి, రెండోసారి కూడా అదే స్కోరు వస్తే మాత్రం ఆ క్లాసుకే వెళ్లండి. ఇరవై ఏళ్ల తర్వాత ఆల్జీబ్రా మొదలుపెట్టేవారికి ఒక సెమిస్టర్ పునాది దండగ కాదు. పట్టించుకోక కింది క్లాసులో పడటం వేరు, తెలిసి ఒప్పుకుని వెళ్లడం వేరు. రెండో సందర్భంలో పక్కనున్న పద్దెనిమిదేళ్ల పిల్లలు మిమ్మల్నే నోట్సు అడుగుతారు.

ఈ వారమే చేయాల్సినవి

1. కాలేజీ అడ్వైజర్‌తో అపాయింట్‌మెంట్ తీసుకుని, మినహాయింపు ఉందేమో కనుక్కోండి. ఇండియా మార్కుల పత్రాలు, పాత టెస్టు స్కోర్లు వెంట ఉంచుకోండి.

2. మీ డిగ్రీకి ఏ లెక్కలు, ఏ ఇంగ్లీషు క్లాసు అవసరమో రాయించుకోండి.

3. పరీక్ష పేరు, ఏ స్కోరుకు ఏ క్లాసో చెప్పే పట్టిక, మళ్లీ రాసే నిబంధనలు తెచ్చుకోండి.

4. ఒక నమూనా పరీక్ష రాసి, మూడు బలహీన అంశాలు గుర్తించండి.

5. రోజులో ఏ గంట మీదో ఇంట్లో అందరికీ చెప్పండి. ఆ గంటలో టీ అడగకూడదని కూడా చెప్పండి.

పరీక్ష తేదీ తీసుకోవడం ఈ అయిదూ అయ్యాకే.